ముగ్గులో తేలిన వంక

రెండువేల దశకం మొదట్లో మదనపల్లెలో ఉద్యోగం చేసేవాణ్ణి. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. కుప్పం దగ్గరొక పల్లెలో, ఊరివాళ్లంతా కలిసి తమ నీటి కష్టాన్ని తామే తరచి చూసుకునే శిబిరం పెడుతున్నామనీ, అక్కడ జరిగేది రాసిపెట్టడానికి రమ్మనీ ఒక మిత్రుడు పిలిచాడు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు మనం చెప్పేదేముంటుందని నాకు అనుమానమే. అయినా బయల్దేరాను.

ఆరింటి బస్సెక్కితే ఏడు దాటేసరికి పుంగనూరు. అక్కడ ఇడ్లీ తిని, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి పదకొండయింది. పల్లెకు ఆటోలో పది రూపాయలు. నీళ్ల మీటింగుకు వెళ్తున్నానంటే డ్రైవరు నవ్వాడు. "నీళ్లు యాడుండాయప్పా, మీటింగు పెట్టేకి?"

బడి వరండాలో బల్ల మీద చార్టు పరిచి, రంగు పెన్నులు పెట్టి, ఊరి పటం గీయమన్నాం. అదే మా తెలివితక్కువతనం. మగవాళ్లు కుర్చీల్లో కూర్చుని ఇళ్లూ రోడ్డూ తమ బోర్లూ గీసి, అయిపోయిందన్నారు. ఆడవాళ్లు గోడవారనే నిలబడ్డారు. వాళ్లలో లక్ష్మమ్మ రెండు ఆవుల పాలమ్ముకుని బతికే మనిషి. ఊరి కుంట ఎండిపోయింది. ఈసారీ నీళ్లు చేరకపోతే ఆవుల్ని సంతకు తోలాల్సిందే.

"పెన్ను మాకు అలవాటు లేదు సామీ. ముగ్గయితే ఏస్తాం" అని లక్ష్మమ్మ ఇంటికెళ్లి ముగ్గుపిండి గిన్నె తెచ్చింది.

ముగ్గుకు ముందు కల్లాపి చల్లాలి. నీళ్లు లేవు కాబట్టి ఆడవాళ్లు బడి ముందు ఉత్త నేల మీదే మొదలుపెట్టారు. పావుగంటలో ఊరంతా ముగ్గులో లేచింది. గుట్ట దగ్గర బయల్దేరిన ఒక గీత, పెద్ద రైతు రెడ్డెప్ప టమాటా చేను మధ్య నుంచి వచ్చి కుంటలో కలిసింది. చార్టులో ఆ గీత లేదు.

"ఈడ వంక యాడుండాది?" రెడ్డెప్ప కుర్చీలోంచి గబుక్కున లేచాడు.

"మీ నాయన కాలంలో ఉన్నింది గదప్పా. నువ్వే పూడ్సి టమాటా పెట్టినావు. వానొచ్చినా కుంటకు నీళ్లెట్ల చేరేది? ఆవులు పోతే నేనెట్ల బతికేది?" లక్ష్మమ్మ తల దించలేదు.

రెడ్డెప్ప గీత మీదికి కాలు ఎత్తాడు. చెరిపేస్తాడనుకుని భయపడ్డాను. ముగ్గు తొక్కడానికి మనసు రాలేదేమో, అడుగు వెనక్కి తీసుకుని ముగ్గులోని తన చేను అంచు వెంటే గుట్ట గుర్తు దాకా నడిచాడు. తర్వాత గొంతుక్కూర్చున్నాడు.

"కుంట ఎండినప్పట్నించి నా బోరూ గాలే కొడతాండాది. చేను నడిమిన వద్దమ్మా, తూరుపు గట్టెంట పోనీ. ఆడ రెండు సాళ్లు ఇడుస్తా. గిన్నె ఇట్టియ్యి."

ఆయన వేసిన గీత లావుగా, వంకరగా వచ్చింది. అందరూ నవ్వారు. లక్ష్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వంక సంగతి ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. రెడ్డెప్పకు అందరికంటే బాగా తెలుసు. నలుగురిలో ఆ మాట అనే ధైర్యం అంతదాకా ఎవరికీ రాలేదు, నోరున్న నాకూ వచ్చేది కాదు. ఇలాంటి శిబిరాలకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: తిరుగు బస్సు కోసం భోజనం కాగానే లేచిపోకండి, సాయంత్రం దాకా ఉండండి. నేను ఉన్నాను కాబట్టే చూశాను. తూర్పు గట్టు వెంట, వంకకు విడిచిన సాళ్లలో రెడ్డెప్ప టమాటా మొక్కలకు ఊతంగా పాతిన కట్టెలు పీకుతుంటే, లక్ష్మమ్మ ఒక్కొక్కటే అందుకుని పక్కన పేరుస్తోంది.