పడుగు పరిచిన జాగ

కళ్లు మసకబారి మగ్గం దిగిన కిష్టమ్మ, గద్వాలలోని ఇల్లు అమ్మి, వనపర్తిలో చెల్లెలితో కలిసి టిఫిన్ల హోటల్ పెట్టుకోవాలనుకుంది. పెద్దమందడి నుంచి దినేష్ సారు వచ్చి ఇల్లు చూసి మెచ్చాడు.

"పంచాయితీ గిట్ట ఏం లేదు గద అమ్మా? ఉంటే మాత్రం నేను కొనను."

"దేవుని దయ, ఏం లేదు సారూ."

సారు బయానా ఇస్తానన్న రోజు పొద్దున్నే ఆమె వెనక తలుపు తీసేసరికి, పెరటి నడుమ రాతి కడీలు పాతి, ముళ్లతీగ గుంజి ఉంది. పక్కింటి భీమయ్య ఒక చేత గడ్డపార పట్టుకొని, పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"ఏంది భీమయ్యా గిది?"

"మా జాగల మేం కంచె ఏసుకున్నం వదినా. ఇన్నేండ్ల సంది గీడ పడుగు పరిచిందెవరు? మేమే గద!"

మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను బారుగా పరిచి గంజి పెట్టాలి. భీమయ్య పెరడు అందుకు చాలదు. పాపం, తోటి పనివాడని కిష్టమ్మ భర్తే తమ పెరట్లో పరుచుకోమన్నాడు. ఆ భర్త పోయిననాడు పాడె మోసిన భుజం కూడా ఈ భీమయ్యదే. అది గుర్తుకొచ్చి కిష్టమ్మకు రోత పుట్టింది.

"అంచు గుంజితే చీర పెద్దగైతదా, సిగ్గులేనోడా!"

అంతలోనే దినేష్ సారు వచ్చాడు. కంచె చూశాడు. భీమయ్య మాట విన్నాడు. బయానా కోసం జేబులో పెట్టిన చెయ్యి బయటికి తియ్యలేదు.

అప్పుడే భీమయ్య భార్య ఎంకమ్మ, మొగుడు చేసిన పని తెలియక, తలస్నానం చేసి, పళ్లెంలో కుంకుమ, కొబ్బరిచిప్ప పెట్టుకొని వచ్చింది. కొత్త పడుగు పరిచిన ప్రతిసారీ జాగ ఇచ్చినామెకు బొట్టు పెట్టి అడగడం ఆమె అత్త నేర్పిన పద్ధతి. కిష్టమ్మ భర్త పోయినా, తన మొగుడు మరిచినా, ఆమె ఆ బొట్టు మానలేదు.

"అక్కా, ఇయ్యాల మీ జాగల పడుగు ఏసుకుంటం. జర సరేనను."

"ఏయ్, లోపలికి పో!" భీమయ్య కసిరాడు.

సారు నవ్వాడు. "నీ జాగల పడుగు ఏసుకోనీకి పక్కింటామెను అడుగుతరా అన్నా?"

"గదేం లేదు సారూ... వదినెతోని జర పరాచికమాడిన," అని ఇకిలించాడు భీమయ్య.

కంచె కన్నా ఆ ఇకిలింపే కిష్టమ్మకు ఎక్కువ అసహ్యమైంది. ఎంకమ్మ చేత బొట్టు పెట్టించుకుంది. "కడీలు పీకినంక పరుచుకో ఎంకమ్మా. నీకెప్పుడు కాదన్న?"

సారు చెయ్యి బయానా నోట్లతో జేబులోంచి బయటికొచ్చింది.

కొబ్బరిచిప్ప దేవుని ముందు పెట్టి, ఎంకమ్మను చల్లగా చూడమని మొక్కింది కిష్టమ్మ. భీమయ్యను కూడా అనబోయింది. పేరు నాలుక దాకా వచ్చి ఉమ్మయింది. బయటికి పోయి మోరీలో ఊసింది.