ఎండని రాతితొట్టి

దయ్యాలను నేను పద్యాలలో తప్ప మరెక్కడా ఎరుగను. ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. యక్షులనూ బేతాళులనూ పిల్లలకు పరిచయం చేసి, గంట కొట్టగానే పుస్తకంతోపాటు వారినీ మూసిపెట్టేవాణ్ణి. ఎవరైనా తమ ఇంట్లో ఏదో తిరుగుతున్నదని చెబితే, ముందు పిల్లిని వెతకమనడం నా అలవాటు. మూడేళ్ల కిందటి వసంతంలో మా పెరట్లో జరిగినదానికి మాత్రం నాకు పిల్లి దొరకలేదు.

శాలిబండలో మా ఇంటి వెనుక ఒక పెరడు ఉన్నది. పెరడు అనగానే పచ్చదనం ఊహించరాదు. సగం బండలు, సగం గులకమట్టి. రెండు వేపచెట్లు, కొన్ని సీతాఫలపు పొదలు, ఒక తుమ్మ. బావి నా బాల్యంలోనే ఎండిపోతే మా తండ్రిగారు దానిపై రాతిపలక వేయించారు. కొళాయి లేదు. మా ఇంట్లో దాన్ని ఎడారి అనే పిలిచేవారు. ‘వడియాలు ఎడారిలో పెట్టి రా’ అనేది మా అమ్మ.

ఆ ఎడారి మాకూ పక్కింటి జుబేదా బీకీ ఉమ్మడి. చుట్టూ నిలువెత్తు గోడ. మూడే తలుపులు: ఒకటి మా ఇంట్లోకి, ఒకటి ఆమె ఇంట్లోకి, మూడవది గల్లీలోకి. గల్లీ తలుపుకు ఎప్పుడూ బయటినుండి తాళం ఉంటుంది.

ఏడాదిలో పది నెలలు నిర్జీవంగా కనబడే ఆ నేల ఫాల్గుణం వచ్చేసరికి మారిపోయేది. తుమ్మ మొదట్లో ముంగిస పిల్లలను పెట్టేది. ఉడుతలు, గోరింకలు, బండల మీద ఎర్రని మెడలు ఊపే తొండలు, ఇంతమంది ఎక్కడినుండి వచ్చేవారో తెలియదు. అప్పటికి రెండేళ్లుగా ఒక తీతువుల జంట కూడా వస్తుండేది. ఆ పిట్ట గూడు కట్టదు. గులకరాళ్ల మధ్యనే గుడ్లు పెడుతుంది. రాయి ఏదో గుడ్డు ఏదో కళ్లద్దాలు పెట్టుకున్నా తెలియదు.

ఈ జీవులన్నింటికీ ఆధారం ఒక్క రాతితొట్టి. వేపచెట్టు కింద ఉంటుంది. జుబేదా బీ రోజూ పొద్దుగూకే ముందు తన ఇంటినుండి బకెట్టుతో నీళ్లు తెచ్చి, కటోరాతో, అంటే చిన్న కంచుగిన్నెతో, తొట్టి అంచు మీద మూడుసార్లు కొట్టేది. ఆ తరువాతే నీళ్లు పోసేది. ఆమె అత్తగారు నేర్పిన పద్ధతి అది. మూడవ చప్పుడు పూర్తయ్యేలోగా ముంగిస తుమ్మ కిందినుండి తల బయటపెట్టేది.

ఒకనాడు తీతువు తొట్టిలో దిగి, పొట్ట ఈకలు తడుపుకొని, పరుగున వెళ్లి గుడ్ల మీద కూర్చున్నది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా చల్లబరచడమన్నమాట. అది కూసిన ఇంటికి కీడని మా ఇంటావిడకు భయం. ఆ దృశ్యం చూసిన తరువాత ఆమె కూడా ఆ పిట్టను తిట్టడం మానుకున్నది.

జుబేదా బీకి ఒక మేక ఉండేది. నుదుట తెల్లని చుక్క ఉన్నందున చాంద్‌నీ అని పేరు. ఆమె భర్త దాన్ని చిన్న పిల్లగా కొని తెచ్చిన పదిరోజులకే కాలం చేశాడు. ఆయన చేతిమీదుగా ఇంటికి వచ్చిన చివరి ప్రాణి అది. ఆ వసంతంలో అది తొలిచూలుతో నిండుగా ఉన్నది. సరిగ్గా అప్పుడే జుబేదా బీకి ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, వెళ్లే అవకాశం వచ్చింది. మేకను విడిచి వెళ్లలేక ప్రయాణమే మానుకుంటానన్నది.

“పదిహేను రోజులే కదా. నేను చూసుకుంటాను, వెళ్లి రా” అన్నాను.

“పంతులు సాబ్, మీరు కితాబులు చదువుకుంట కూసుంటే అన్నం తినుడే మర్శిపోతరు. మేక యాదుంటదా?”

“మాట ఇస్తున్నానమ్మా.”

ఆమె నవ్వు ఆపి, మేక మెడ మీద చేయి వేసి అన్నది: “అయితే ఇది మీ దగ్గర నా అమానత్.”

అమానత్ అంటే ఒకరిని నమ్మి అప్పగించిన వస్తువు. ఈ గల్లీలలో ఆ మాట ఊరికే అనరు. ఆమె కటోరాను వంటింటి గూట్లో పెట్టి, పెరటి తలుపుకు లోపల గడియ వేసి, వీధి తలుపుకు తాళం పెట్టి, తాళంచెవి కొంగున ముడివేసుకొని వెళ్లింది.

ఎనిమిది రోజులు నేనే నీళ్లు పోశాను. స్టీలు చెంబుతో తొట్టి అంచు మీద మూడుసార్లు కొట్టేవాణ్ణి. ముంగిస రాలేదు. మేక నావైపు జాలిగా చూసేది. నేను లోపలికి వెళ్లిన తరువాతే అన్నీ వచ్చి తాగేవి.

తొమ్మిదవ నాడు ఉదయం నాకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లారు, వెంటనే చేర్చుకున్నారు. మా ఇంటావిడ నా వెంటే ఉండిపోయింది. ఇల్లు తాళం. బయలుదేరేటప్పుడు నాకు గుర్తున్నది మేక ఒక్కటే. గల్లీ మూలన పిండిగిర్ని నడిపే కిషన్‌ను ఆటో పక్కకు పిలిచి, గల్లీ తలుపు తాళంచెవి అతని చేతిలో పెట్టాను. కిషన్ నా పాత విద్యార్థి. యాభై దాటిన మనిషి.

“గడ్డి సరిపడా ఉన్నది కిషన్. నీళ్లే. రోజూ తొట్టి నింపాలి.”

“మేక ఫికర్ మీకెందుకు సార్, మీరు మీ గుండె సంగతి చూస్కోన్రి.”

అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. రోజూ ఫోన్ చేసి అడిగేవాణ్ణి. ‘అంతా మంచిగుంది సార్’ అనేవాడు. అంతకు మించి చెప్పలేదు.

ఆరవ నాడు పదిగంటలకు ఇంటికి చేరాము. చెప్పులు విడవకుండానే పెరటి తలుపు తీశాను.

చాంద్‌నీ వేపనీడలో పడుకొని ఉన్నది. దాని పక్కన రెండు పిల్లలు. ఒకదాని నుదుట తల్లి నుదుటి చుక్కే. తొట్టి అంచు దాకా నిండి ఉన్నది. నేను వెళ్లేనాటికి మొగ్గలుగా ఉన్న వేపపూత విచ్చి, రాలి, ఆ నీటి మీద తెల్లగా తేలుతున్నది. గులకరాళ్ల మధ్య ఏదో కదిలింది. రాళ్లే లేచి నడుస్తున్నాయనిపించింది. మూడు తీతువు పిల్లలు. మా ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

నాకు కళ్లు తిరిగేంత సంతోషం. వెంటనే కిషన్‌కు కబురు పంపాను. పిండి అంటిన చేతులతోనే వచ్చాడు. కృతజ్ఞతలు చెప్పబోతే అడ్డుపడ్డాడు.

“నేనేం జేసిన సార్? నేను తాళం గూడ తీయలె.”

“మరి నీళ్లు?”

“లోపట ఆడోళ్లు పోస్తనే ఉన్నరు గద.”

అతను చెప్పింది ఇది. మొదటి రోజు సాయంత్రం, గిర్ని కట్టేసి, ఆరుగంటలు దాటాక బిందె పట్టుకొని వచ్చాడు. తాళంలో చెవి పెట్టబోతుండగా లోపల తొట్టి మీద మూడుసార్లు కంచు చప్పుడు వినబడింది. తరువాత నీళ్లు పోస్తున్న శబ్దం. మేక అరుపు. జుబేదా బీ కోడలు మొఘల్‌పురాలో ఉంటుంది, ఆమె వచ్చిందనుకున్నాడు. పరదా పాటించే ఇంటి ఆడవాళ్లు ఉన్నచోటికి చొరబడడం మర్యాద కాదు. ఒకసారి దగ్గి, ‘నేను కిషన్‌ను, నీళ్లు పోసిన్రా?’ అని కేక వేశాడు. జవాబు లేదు. పరాయి మగవాడికి జవాబు రాకపోవడం అతనికి సహజంగానే తోచింది. బిందె తీసుకొని తిరిగి వెళ్లిపోయాడు.

మరునాడు అదే వేళకు వచ్చాడు. అదే చప్పుడు. అయిదు రోజులూ అంతే.

“ఫోన్‌లో ఈ ముచ్చట నాకెందుకు చెప్పలేదయ్యా?”

“పక్కింటి ఆడోళ్ల ముచ్చట ఫోన్ల ఎట్ల చెప్తం సార్? బాగుండదు.”

గల్లీలో పుట్టి పెరిగినవాడు మాత్రమే చేయగల తప్పు అది. నేను అతని స్థానంలో ఉన్నా బహుశా అదే చేసేవాణ్ణి.

కోడలికి ఫోన్ చేశాను. ఆమె రాలేదు. పిల్లవాడికి అమ్మవారు పోసి, వారం రోజులుగా గడప దాటలేదు. అత్తగారి ఇంటి తాళంచెవి ఆమె దగ్గర లేదు కూడా.

కిషన్ ముఖం పాలిపోయింది. “గాజుల చప్పుడు గిట్ల ఏమన్న విన్నావా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “లేదు సార్. గదే సోంచాయిస్తున్న. గాజుల చప్పుడైతే లేదు” అన్నాడు. భర్త పోయిననాటినుండి జుబేదా బీ గాజులు వేసుకోదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ సమయంలో సముద్రాలకు ఆవల ఉన్నదనీ తెలుసు.

ఆ సాయంత్రం పెరడంతా పరిశీలించాను. జుబేదా బీ పెరటి తలుపు మీద, చౌకట్టుకూ తలుపు రెక్కకూ మధ్య సాలెగూడు చెక్కుచెదరకుండా ఉన్నది. బావి పలకను నలుగురు కలిస్తే గాని కదపలేరు. తొట్టి చుట్టూ మెత్తని దుమ్ములో మేక గిట్టలు, పిట్టల కాళ్లు, ముంగిస అడుగులు ఉన్నాయి. మనిషి పాదం ఒక్కటీ లేదు. వసంతపు గాలి అడుగులను చెరిపివేసి ఉండవచ్చునని నాకు నేనే చెప్పుకున్నాను. అయితే ముంగిస అడుగులను మాత్రం ఎందుకు మిగిల్చిందో చెప్పుకోలేకపోయాను.

నేను నింపిన నీళ్లే మిగిలాయేమోనన్న సందేహం మిగలకూడదని, జుబేదా బీ వచ్చేవరకూ తొట్టిని ముట్టుకోలేదు. రెండవ నాటి సాయంత్రానికి అడుగున తడి తప్ప ఏమీ లేదు. ఆ వారంలో వాన పడలేదు.

ఆ రెండవ నాటి సాయంత్రమే ఆమె వచ్చింది. నేను దాచలేదు. మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయానని, అయిదు రోజులు ఆమె అమానత్‌ను గాలికి వదిలేశానని చెప్పి, చేతులు జోడించాను. ఆమె నా చేతులు దించమని సైగ చేసి, జరిగినదంతా విన్నది. తన వీధి తలుపు తాళం తీసి నన్నూ మా ఇంటావిడనూ లోపలికి రమ్మన్నది.

కిటికీలు మూసి ఉన్న ఇల్లు. గిన్నెల మీద, పళ్లాల మీద, డబ్బాల మీద పదిహేను రోజుల దుమ్ము పేరుకొని ఉన్నది. గూట్లో కటోరా తను పెట్టినచోటే ఉన్నది. దాని మీద దుమ్ము లేదు. ఆమె దాన్ని వంచి చూపించింది. అడుగున ఒక ఎండిన వేపపువ్వు అంటుకొని ఉన్నది.

ఆమె ప్రయాణమైననాటికి మా వేపచెట్టు పూయలేదు.

జుబేదా బీ తలమీది కొంగు సవరించుకొన్నది. “అక్కడ రోజూ అస్ర్ నమాజ్ అయినంక గదే ఫికర్ పంతులు సాబ్. నా చాంద్‌నీకి నీళ్లు దొరికినయో లేదో అని. అంత దూరం పోయి, అల్లాను మొక్కే దువాల గూడ మేక పేరే తీసుకుంటున్న అని శరమ్ అనిపించేది.”

ఇంటికి వచ్చి గంటల తేడా లెక్క చూశాను. అస్ర్ అంటే పొద్దు వాలినాక చేసే నమాజ్; అక్కడ అది ముగిసే వేళకు మన దగ్గర ఆరుగంటలు దాటుతుంది. కిషన్ గల్లీ తలుపు ముందు నిలబడిన వేళ అదే. దీనినుండి నేను ఏమీ తేల్చడం లేదు. లెక్క మాత్రమే చెబుతున్నాను.

ఆమె బకెట్టుతో పెరట్లోకి వచ్చింది. కటోరాతో మూడుసార్లు కొట్టింది. మూడవ చప్పుడు పూర్తికాకముందే ముంగిస తల బయటపెట్టింది. గల్లీ తలుపు అవతలినుండి కిషన్ దగ్గు వినబడింది. “లోపటికి రావచ్చునా జుబేదా బీ?” అన్నాడు. ఆమె నవ్వుతూ, “ఇప్పుడు అడుగుతున్నవా భాయ్? రా” అన్నది. తాళంచెవి ఇంకా తన దగ్గరే ఉన్నా, అతడు తలుపు తీయడానికి కొంత సమయం పట్టింది.

ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. జుబేదా బీ బతికి, ఆరోగ్యంగా ఉన్నది కనుక ఆమె విషయంలో ఆ మాటకు చోటు కూడా లేదు. శాస్త్రం తెలిసినవారిని అడిగాను, మతం తెలిసినవారిని అడిగాను. ఇద్దరూ తలుపు దగ్గర కిషన్ దగ్గినట్లే దగ్గి ఊరుకున్నారు.

ఈ వసంతంలోనూ తీతువులు వచ్చాయి. జుబేదా బీకి మోకాళ్లు నొప్పి చేసిన రోజుల్లో కటోరా నా చేతికి ఇస్తుంది. మూడుసార్లు కొడతాను. అన్నీ వస్తాయి. అవి తాగుతుంటే, మాట ఇచ్చింది నేను కదా, ఆ అయిదు రోజులూ దాన్ని నిలబెట్టింది ఎవరు అని అనుకుంటాను. ఎవరికి నమస్కరించాలో తెలియక, తొట్టిని అంచు దాకా నింపి లోపలికి వస్తాను.