మామ్మ పాటలో పేరు చోటు

నా చిన్నప్పుడు నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఎవరింట్లో ఏం కూర వండారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, సాయంత్రానికల్లా నా వల్ల పాలెమంతా తెలిసిపోయేది. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇప్పటికీ వాగుడుకాయనే. గుడివాడలో మా వీధివాళ్ళని ఎవరినడిగినా చెప్తారు. కానీ ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మాది బందరుకు దిగువన సముద్రం ఒడ్డునున్న పాలెం. మా ఎదురింట్లో ఒక మామ్మ ఉండేది. మాకు చుట్టం కాదు, ఊరందరికీ మామ్మే. అక్షరం ముక్క రాదు, కానీ పాటలు కట్టేది. పొద్దున్నే ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరితే దారి పొడుగునా పెదాలు కదులుతూనే ఉండేవి. తిరిగొచ్చేసరికి ఒక పాట తయారయ్యేది. బంటుమిల్లి వైపు రైతుల ఇళ్ళలో గంప దింపించి ముందు పాట పాడించుకునేవారు, బేరం ఆ తర్వాతే. పెళ్ళైనా, పురుడైనా, చావైనా ఆవిడకే కబురు వచ్చేది. పోయినవాళ్ళ పక్కన కూర్చుని ఆవిడ శోకం ఎత్తుకుందంటే పగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు.

ఆవిడ పాటలకి ఒక పద్ధతి ఉండేది. ప్రతి పాట చివరి వరసలోనూ ఒక పేరు పట్టేంత చోటు వదిలేది. లాలిపాటైతే అక్కడ బిడ్డ పేరు, పెళ్ళిపాటైతే పెళ్ళికూతురి పేరు, శోకమైతే పోయిన మనిషి పేరు వచ్చి కూర్చునేవి. నాకు నేర్పేటప్పుడు ఆ చోటు రాగానే "ఊఁ ఊఁ" అని రాగం తీసేది. నలుగురి ముందు పాడేటప్పుడు మాత్రం ఖాళీ వదలకూడదని, ఎవరి పాటలో వాళ్ళ పేరు పెట్టి తీరాలని పదేపదే చెప్పేది. పేరు లేని పాట ఎవరికీ చెందకుండా గాలికి పోతుందట.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. నేను ఆయన్ని మావయ్యా అనేదాన్ని. నాకోసం ఒడ్డున గవ్వలేరి తెచ్చేవాడు. గాలికి పడవ ఒరిగింది, మిగతా ముగ్గురూ పడవ పట్టుకుని బతికి బయటపడ్డారు, మావయ్య మాత్రం కనబడలేదు. శవం ఒడ్డుకు రాలేదు. మా పాలెంలో అలాంటివాళ్ళకి శోకం పెట్టకూడదు. పెడితే మనిషిని మన నోటితోనే సముద్రానికి ఇచ్చేసినట్టు. ఏ కాకినాడ పడవవాళ్ళో ఎక్కించుకుని ఉంటారని, ఇవాళో రేపో వస్తాడని అందరూ అనేవారు. ఆయన భార్య, మా అత్త, బొట్టూ గాజులతోనే ఎదురుచూసేది. రోజూ ఆయనకీ ఒక కంచం పెట్టేది. ఊళ్ళో చావులన్నిటికీ ఏడ్చిన మామ్మ సొంత కొడుక్కి మాత్రం ఏడవలేక, నోరు కట్టేసుకుని ఎనిమిది నెలలు తిరిగింది.

ఒక మధ్యాహ్నం మామ్మ నన్ను వంటింట్లో కూర్చోబెట్టుకుని కొత్త పాట నేర్పింది. గొంతు పెంచకుండా, చెవిలో చెప్పినట్టు నేర్పింది.

*అల మీద పక్కేశా, ఇసక దిండు పెట్టా,*
*తలుపైతే తీసే ఉంచా, ఊఁ ఊఁ, పడుకోరా.*

నేనది లాలిపాట అనుకున్నాను. ఎవరి ముందూ పాడొద్దని ఒట్టు వేయించుకుంది. వేశాను. నా ఒట్టుకి ఏపాటి విలువుందో ఆవిడకి తెలియదా? తెలిసీ నాకే ఎందుకిచ్చిందో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

నాలుగు రోజులు ఆగానేమో. ఒడ్డున ఆడవాళ్ళందరూ చేపలు ఆరబెడుతున్నారు, అత్త కూడా ఉంది. మామ్మ పాడటం మానేసి ఎన్నాళ్ళయిందో, నువ్వైనా ఒకటి పాడవే అని ఎవరో అన్నారు. అంతే, నాకు ఎక్కడలేని గర్వం వచ్చేసింది. కొత్త పాట ఎత్తుకున్నాను. పేరు చోటు వచ్చింది. ఖాళీ వదలకూడదు కదా! మామ్మ ఇంట్లో రోజూ వినేది ఒక్కటే పేరు, పైగా ఆ చోటుకి సరిగ్గా సరిపోయింది. మావయ్య పేరు పెట్టి పాడేశాను.

చేపలు తిప్పుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. పదాలు లాలివే అయినా రాగం శోకానిదని పేరు పడగానే అందరికీ తెలిసిపోయింది, నాకు తప్ప. అత్త చేతులు దులుపుకుని లేచి ఇంటికి నడిచింది. సాయంత్రం నీళ్ళకని బయటికొచ్చినప్పుడు చూశాను, చేతులకి గాజుల్లేవు, నుదుట బొట్టు లేదు. ఆ రాత్రి ఆయన కంచం పెట్టలేదట. వారం తిరక్కుండా దివిసీమలో పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆ చేతులు చూసిన సాయంత్రమే నేను మా పెరట్లో చేపల గంపల వెనక దాక్కున్నాను. మామ్మ వెతుక్కుంటూ వచ్చి పక్కన కూలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నువ్వు కాదమ్మా పాడింది, నేనే," అంది. "కట్టినరోజే పాడేశాను. పిల్ల నోట్లో దాచి, నేను పాడలేదుగా అనుకున్నాను."

తర్వాత నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్ళి, పెద్దల ముందు నిలబడి, ఆ పేరు పెట్టి నేర్పింది తనేనని చెప్పింది. పిల్లకి ఏమీ తెలియదంది. అబద్ధం. నేర్పినప్పుడు ఆవిడ నోట "ఊఁ ఊఁ" తప్ప ఏ పేరూ రాలేదు. పేరు పెట్టింది నేను. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ప్రపంచంలో ఉన్నవన్నీ వాగే నేను ఆ ఒక్కటీ మింగేశాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కింది, ఊరుకోమని. ఊరుకున్నాను.

కన్నకొడుకుని నోటితో చంపుకుందన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆవిడని పెళ్ళికి పిలవలేదు, పురుటికి పిలవలేదు. ఆవిడ పాట అచ్చిరాదన్నారు. గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళేటప్పుడు చూసేదాన్ని, పెదాలు కదిలేవి కావు. రెండేళ్ళు అలా బతికి, ఒక వానాకాలం జ్వరంతో పోయింది. అత్తకి కబురు అందిందో లేదో, రాలేదు. ఊరంతటికీ ఏడ్చిన మనిషి పక్కన శోకం ఎత్తుకునేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. ఆవిడ పాటలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. భయపడుతూనే ఎత్తుకున్నాను. చివరి వరస వచ్చింది. పేరు చోటు వచ్చింది. ఆవిడ పేరు నాకు తెలియదు! మామ్మ అని తెలుసు, అంతే. చుట్టూ చూశాను. ఎవరూ అందించలేదు. వాళ్ళకీ తెలియదో, చెప్పడం ఇష్టం లేదో. అక్కడే ఆగిపోయాను.

పెళ్ళై పిల్లలు పుట్టాక ఒకసారి పనిగట్టుకుని పాలెం వెళ్ళి అడిగాను. ఒకావిడ ఒక పేరు చెప్పింది, ఇంకొకావిడ కాదు అంటూ మరో పేరు చెప్పింది. అత్తని వెతుక్కుంటూ దివిసీమ వెళ్ళేసరికి ఆవిడా పోయి ఏడాదైందట.

మొన్న మా మనవరాలు ఆ పాటలు ఫోనులో రికార్డు చేసుకుంటానని కూర్చుంది. ఇరవై దాకా పాడాను. పెళ్ళివీ లాలివీ అన్నీ తన పేరే పెట్టి పాడించుకుని మురిసిపోయింది. ఆఖరున ఆ అల మీద పక్కేసిన పాట పాడాను. చివరి వరసలో ఆగితే, ఇక్కడ ఎవరి పేరు అమ్మమ్మా అని అడిగింది. ఒకరి పేరు తెలియక పెట్టాను, ఒకరి పేరు తెలియక పెట్టలేకపోయాను. ఆ పిల్లకి ఇది ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను? "ఊఁ ఊఁ" అని రాగం తీసి పాట పూర్తి చేశాను.