పదిహేడు మాటలు

పెట్టె మూత తీస్తే ముందు కర్పూరం వాసన, దాని కింద పాత చీరల వాసన, అన్నిటికీ అడుగున ఊదారంగు పెన్సిలుతో రాసిన ఒక కాగితం. వెనకవైపు రైల్వేవాళ్లు అచ్చువేసిన గళ్లు, ముందువైపు పదిహేడు మాటలు. ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదిహేడే. అవి మా అక్క గౌరి మాటలు; అప్ప అని పిలిచేదాన్ని.

నాకు లెక్క ఎవరూ నేర్పలేదు. తార్‌బహార్‌లో తెలుగు దేశానికి దూరంగా, రైల్వేవాళ్లు మాకిచ్చిన క్వార్టరు వాకిట్లో కూర్చుని, గూడ్సుబండి పెట్టెలు లెక్కపెడుతూ నేనే నేర్చుకున్నాను. చైత్రం వస్తే ఇప్పపూల తీపి వాసన బొగ్గుపొగతో కలిసి గొంతులోకి దిగేది, అమ్మ ఆవకాయకు మామిడికాయలు తుడిచి బట్టమీద ఆరబెట్టేది, అరుగుమీద అప్ప గచ్చకాయలు ఎగరేస్తుంటే ఎన్ని పట్టిందో నేను చెప్పేదాన్ని. నాకు ఎనిమిదేళ్లు, ఆమెకు పదకొండు. ఇంట్లో గలగలా మాట్లాడే అప్పకు బళ్లో నోరు పెగిలేది కాదు. వాచకంలో "బాలురు ఉదయమున మేల్కొనవలెను" అని ఉండేది. మా క్వార్టర్లలో అలా మాట్లాడే మనిషే లేడు. రెండేళ్లుగా అప్ప ఆ ఒక్క వాచకం దగ్గరే ఆగిపోయింది.

ఆ ఏడు కొత్త మేష్టారు వచ్చారు. వచ్చిన వారానికే వాచకం మూసి, "నిన్న మీ ఇంటికాడ ఏటయిందో సెప్పండర్రా" అన్నారు. మేష్టారు మన మాటే ఆడుతున్నాడని పిల్లలు ఘొల్లుమన్నారు.

"ఏటే గౌరీ, నోట్లో బెల్లంగడ్డ ఎట్టుకున్నావేటి? సెప్పు."

అప్ప చెప్పింది. ఆయన ఒక్క మాటా మార్చకుండా ఊదారంగు పెన్సిలుతో రాసి ఆమెకే ఇచ్చారు. మర్నాడు వేలు పెట్టుకుని, ఆగకుండా, తనే చదివింది. ఆ సాయంత్రం అయ్య రైలింజన్ల షెడ్డు నుంచి రాగానే ఎదురెళ్లి వినిపించింది:

"అయ్య డూటీ నుంచి వొచ్చినాడు. మొకమంతా బొగ్గే. కళ్లు మట్టుకు తెల్లగున్నాయి. అమ్మ నవ్వింది. నానూ నవ్వినాను. అయ్యా నవ్వినాడు. నవ్వేసి, బువ్వెట్టమన్నాడు."

అయ్య కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వి, మళ్లీ చదివించుకున్నాడు. అమ్మ చేతిలో గరిటె పట్టుకునే వచ్చి విన్నది. నన్నెవరూ చూడలేదు. కాసేపటికి అయ్య, "అచ్ఛా, ఏటే లెక్కలదానా, అప్ప బాగా సదివిందా?" అన్నాడు.

"పదిహేడు మాటలయ్యా. అందులో పదకొండు వాచకంలో లేవు" అన్నాను.

అది నిజమే. మధ్యాహ్నమే వాచకమంతా వెతికి చూశాను.

అయ్య నవ్వు ఆగిపోయింది. ఆయన మాట్లాడే తీరును షెడ్డులో గుమాస్తా బాబులు రోజూ వెక్కిరించేవారని నాకు తరవాత తెలిసింది. ఆదివారం నలుగురైదుగురు తండ్రులను వెంటబెట్టుకుని బడికి వెళ్లాడు. నన్నూ తీసుకెళ్లాడు.

"మా కూతలు మా పిల్లలకి నేర్పడానికి మీరెందుకండీ? బాబుల మాట నేర్పండి. పదకొండు తప్పులంట, మా సిన్నది లెక్కెట్టింది."

"తప్పులు కావు బాబూ. ఒక్క ఏడాది ఆగండి. ఈ మాటల మీంచే వాచకంలోకి తీసుకెళ్తాను" అని మేష్టారు బతిమాలారు. ఎవరూ ఆగలేదు. మూడోనాడు రేకుపెట్టె పట్టుకుని ఆయన బండెక్కారు. బళ్లో మళ్లీ బాలురు ఉదయమున మేల్కొన్నారు. నెల తిరక్కుండానే అప్ప బడి మానేసింది.

పెళ్లయి చక్రధర్‌పూర్ వెళ్లాక మూడేళ్లలో ఆమె దగ్గర్నుంచి పదకొండు ఉత్తరాలొచ్చాయి. రాసింది పొరుగింటాయన. ప్రతిదానిలోనూ "ఇచ్చట అందరము క్షేమము" అనే ఉండేది. పదకొండోది వచ్చిన నాలుగో రోజున, అప్ప పోయిందని తంతి వచ్చింది. ఏడు నెలలు రక్తం కక్కుకుందని అక్కడికి వెళ్లాక తెలిసింది. ఇంటికి కబురు పెట్టమని పొరుగాయనతో చెప్పడానికి సిగ్గుపడిందట. తన చేత్తో రాయడం ఆమెకు రాదు.

ఆ బడిగదిలో ఇప్పుడు రైల్వేవాళ్లు లాంతర్లు పెట్టుకుంటున్నారు. మా వీధి పిల్లలు హిందీలో ఆడుకుంటారు. ఇప్పపూలు మాత్రం ఇంకా రాలుతున్నాయి. ఆ పదకొండు ఉత్తరాలూ వరసగా పెట్టి వెతికాను. అప్ప మాట ఒక్కటీ లేదు. ఊదారంగు కాగితం తీసి, ఆమె చదివినట్టే వేలు పెట్టుకుని చదువుతాను. "నానూ నవ్వినాను" దాకా వస్తాను. ఆపైన అక్షరాలు కనిపించవు.