కుదురైతేనే సూది

ఈ రోజు పొద్దున రగిలిన కోపం దీపాలు పెట్టే వేళకూ చల్లారలేదు.

మా పక్కింట్లో మగ్గం నేసే వెంకటప్ప బిడ్డ పోయిన నెల ప్లేగుతో చనిపోయింది. అప్పటినుంచి అతని భార్య నాగమ్మకు నిద్ర లేదు, ఎవరినీ దగ్గరికి రానివ్వదు. పొద్దున బావిలో దూకబోతుంటే పట్టుకున్నాం. యుద్ధం వల్ల పెట్రోలు లేక బస్సులు తగ్గాయి కదా, జట్కా మాట్లాడుకొని పిచ్చాసుపత్రికి తీసుకుపోయాం.

గేటు దగ్గర గుమాస్తా ఆపాడు.

"ప్లేగు సూది ఏసుకోనోళ్ళని లోపలికి ఇడిసేది లేదు."

"అయితే మీరే ఏయండి సామీ" అన్నాడు వెంకటప్ప.

"ఇట్ల పెనుగులాడే మనిషికి సూది ఎట్ల ఏసేది? కుదురైనాక పిల్చుకొని రా."

"కుదురుగా ఉంటే ఇక్కడికి ఎందుకు పిల్చుకొస్తామప్పా?" అన్నాను నేను. అతను గేటు మూసుకున్నాడు.

మొన్న ఇదే సూదికి భయపడి మా వీధి శెట్టిగారు అటకెక్కితే, ఇంటింటికీ తిరిగి సూదులు వేయించే ప్లేగు జవాన్లు నలుగురు కిందికి లాగి, కాళ్ళూ చేతులూ అదిమిపట్టి పొడిచారు. ఆ రోజు కుదురు మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ఇల్లు చేరగానే నాగమ్మ మళ్ళీ బావివైపే పరుగెత్తింది. వెంకటప్ప ఏడుస్తూనే, తాను నేసిన చీరతోనే ఆమెను మగ్గం గుంజకు కట్టేశాడు. ఇందాక వెళ్ళి చూస్తే పెనుగులాడటం మానేసి, గోడవైపు చూస్తూ కూర్చుని ఉంది.

ఆసుపత్రివాళ్ళు అడిగిన కుదురు ఇదేనా? చదివినవాళ్ళు చెప్పండి.