దుమ్మే అనుకున్నాం

పోయిన పసుపు సీజన్‌లో నా ఎడమ కన్ను ఎర్రబడింది. ఆర్మూర్ మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే పని మాది. "దుమ్ము పడ్డదే" అంటూ అత్తమ్మ పసుపు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచేది. మా ఇంట్లో ప్రతి జబ్బుకూ కారణం పసుపే, మందూ పసుపే.

చూపు మసకబారాక దవాఖానకు పోయాను. డాక్టరమ్మ నా కన్నును తెరమీద పెద్దగా చూపించింది. నల్లగుడ్డులో, పాప అంచు చుట్టూ జొన్నరవ్వంత తెల్లటి గడ్డలు!

"దగ్గు ఉందా?" అని అడిగింది.

"పసుపుల పనిజేసెటోళ్లం, అందరం దగ్గుతం మేడమ్."

ఆమె నవ్వలేదు. పరీక్షలు రాసింది. ఊపిరితిత్తుల్లో టీబీ ఉందని, అదే కంటిదాకా వచ్చిందని తేలింది.

మందులతో ఇప్పుడు చూపు కుదురుకుంది. కానీ నేను మరవలేనిది, రిపోర్టుతో ఇల్లు చేరిన ఆ మధ్యాహ్నం. నేను చెబుతున్నంతసేపూ అత్తమ్మ దగ్గుతూనే వింది.

"నాకేం గాలేదు, ఇది దుమ్మేనే" అంది.

విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుని, ఆమెను ఆటో ఎక్కించాను.