శోభ గుర్రాలు, వీర్రాజు గోడ

శోభ మాట కటువు. గనిలో ఆమెతో కలిసి పనిచేసేవాళ్లు కూడా చూసి మాట్లాడతారు. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. పెండ్లి ఊరేగింపుల కోసం ఆయన పెంచిన రెండు గుర్రాలు, ఒక తెల్లది, ఒక ఎర్రది, ఆమెకే మిగిలాయి. బ్యాండు మోతకు వణుకుతాయని ఆమె వాటిని పెండ్లిళ్లకు పంపడం మానేసింది. మరెందుకు, అమ్మెయ్యమని మరిది పోరుపెట్టాడు.

"నీ ఇంటి ముంగట కట్టేసిన్నా? నీకేం ఫికర్?" అని గుమ్మంలోంచే పంపించేసింది.

గోదావరిఖని శివార్లలో ఆమెకు ఎకరం మెట్ట చెలక, అందులో రేకుల కొట్టం ఉన్నాయి. మొదటి షిఫ్టు దిగి నాలుగింటికల్లా అక్కడికి చేరుతుంది. లద్దె ఎత్తుతుంది, తొట్టి కడిగి నీళ్లు నింపుతుంది, నానిన ఉలవలు పెడుతుంది. ఒక్కో కాలూ పైకెత్తి గిట్టల్లో ఇరికిన రాళ్లు తీస్తుంది. బొగ్గు దుమ్ముకు తెల్లది రోజూ బూడిద రంగుకు తిరుగుతుంది. పీచుతో రుద్ది కడుగుతుంటే అది ఆమె భుజం మీద గడ్డం ఆనించి వెచ్చగా ఊపిరి వదులుతుంది. రోజు మొత్తంలో శోభ మొహం మెత్తబడేది అప్పుడే.

పడమటి హద్దుకు ఆనుకుని వీర్రాజు ఇల్లు కట్టాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ సిమెంటు దుకాణం నడుపుతున్నాడు. గృహప్రవేశం రోజే గొడవ మొదలైంది.

"ఏమ్మా, ఈ కంపుకి మా చుట్టాలు అన్నం తినలేకపోతున్నారు. వీటిని ఎప్పుడు తీసేస్తావు?"

"నీకంటే ముందుగాల వచ్చినయి నా గుర్రాలు. వాసనొస్తే కిటికీ మూసుకో."

అతను మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాడు. చూడడానికి వచ్చిన ఉద్యోగికి కొట్టంలో తప్పేమీ కనబడలేదు. ఆ మంటతో వీర్రాజు, ఇంటిపనిలో మిగిలిన పెంకులూ పగిలిన అద్దాలూ తెచ్చి శోభ చెలకలో కుమ్మరించాడు. మర్నాడు మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు మోతకు బెదిరి తెల్లది అటు పరుగెత్తింది. శోభ వచ్చేసరికి దాని ముందరి కాలు నెత్తురోడుతోంది.

ఆమె ఏడవలేదు. పశువుల డాక్టరును పిలిపించి కుట్లు వేయించింది. తర్వాత గాజుముక్కలన్నీ గంపకెత్తి వీర్రాజు గడప ముందు పోసింది.

"పిచ్చిదానా! నా పిల్లలు నడిచే చోటిది!"

"నా గుర్రం గూడ నడిచేదే."

ఇరవై రోజులు గుర్రం కుంటింది. ఈలోగా వీర్రాజు హద్దు మీద పదడుగుల గోడ లేపాడు. "ఇక నీ మొహం చూసే ఖర్మ లేదు" అన్నాడు.

మే నెల వచ్చింది. మధ్యాహ్నం దాటితే ఆ గోడ నీడ చెలకలోకి పరుచుకునేది. రేకుల కింద ఉడికిపోయే గుర్రాలు వచ్చి అక్కడే నిలబడేవి. శోభ తొట్టిని కూడా అక్కడికే మార్చింది. వీర్రాజు డాబా మీది నుంచి చూసి కోపంతో ఊగిపోయాడు.

"నా గోడ దగ్గర్నించి తీసెయ్ వాటిని!"

"గోడ నీది. నీడ నా జాగల వడ్డది."

అతను ఇంకేదో అరిచాడు. ఎర్రది గోడకు పిర్ర ఆనించి బరబరా గోక్కుంటుంటే శోభ దాన్ని ఆపలేదు.